మా బావ తీర్పు మర్చిపోయిన ఆట

మా బావ మంచివాడే. కానీ మెచ్చుకోవడంలో అంత పిసినారిని నేనింకొకణ్ణి చూడలేదు.

కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేయడం ఆయన పని. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చీకటి గదిలో కూర్చుని, ఎదుటివాళ్ళ ముక్కు మీద అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా? అది బాగుందా?" అని అడుగుతుంటాడు. ఊళ్ళోవాళ్ళందరి చేతా బాగుందనిపిస్తాడు గానీ తను మాత్రం ఆ మాట అనడు. పెళ్ళైన కొత్తలో అక్క కూర ఎలా ఉందని అడిగితే "ఉప్పు సరిపోయింది" అన్నాడట. అది ఎంత పెద్ద పొగడ్తో అక్కకి అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది.

సెలవు రోజుల్లో బావ బోర్డు గేములు ఆడతాడు. ఊరికే ఆడడు, ఇంకా బజార్లోకి రాని ఆటల్ని ఆడి వీడియో పెడతాడు. ఈ రోజుల్లో ఇలాంటి ఆటల్ని ముందు తయారుచేసి తర్వాత అమ్మడం తగ్గిపోయింది. నమూనా పెట్టె ఒకటి చేసి జనానికి చూపిస్తారు. నచ్చినవాళ్ళు ముందే డబ్బు కడితే అప్పుడు తయారుచేస్తారు. క్రౌడ్‌ఫండింగ్ అంటే అదే. ఆ చూపించేవాళ్ళలో మా బావ ఒకడు. వీడియోలో ఆయన మొహం కనపడదు. డైనింగ్ టేబుల్ మీద పైనుంచి కెమెరా, ఇటు బావ చేతులు, అటు అక్క చేతులు, చివర్లో తీర్పు. ఆట బాగాలేకపోతే "ఓపిక ఉంటే ఆడొచ్చు" అంటాడు. బాగుంటే "ఆడొచ్చు" అంటాడు. అంతకు మించి ఆ నోట్లోంచి ముత్యం రాలదు. వెంటనే బొమ్మలన్నీ పెట్టెలో సర్దేస్తాడు. విచిత్రమేమిటంటే, మిగతావాళ్ళు "అద్భుతం" అంటే నమ్మని జనం ఈయన "ఆడొచ్చు" అంటే నమ్ముతారు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది నా బతుకు.

టైర్ల కంపెనీలో అచ్చులు గీసే ఉద్యోగం మానేసి నేనొక యుద్ధం ఆట తయారుచేశాను. రెండు సైన్యాలు, మధ్యలో వంతెన, బొటనవేలంత సైనికులు. ఒక్కొక్కడి బూట్ల లేసులు కూడా కనిపించేలా చెక్కాను. ఉద్యోగం మానేసేటప్పుడు మేనేజరు తెలివితేటల గురించి నా అభిప్రాయం అతని మొహం మీదే వివరంగా చెప్పొచ్చాను. ఆట జనానికి నచ్చకపోతే మళ్ళీ ఆ మొహం ముందే చేతులు కట్టుకు నిలబడాలి. విడుదల వచ్చే వారమే.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి 'అదిరిపోయింది' అనవా?" అన్నాను.

"అదిరితే అంటాను."

"ఇంట్లోవాడి కోసం ఒక్క మాట ఎక్కువంటే మీ సొమ్మేం పోతుందండీ?" అంది అక్క.

"ఇంట్లోవాడు కాబట్టి ఒక మాట తగ్గించాలి," అన్నాడు బావ, కెమెరా బిగించుకుంటూ.

"ఆడొచ్చు"కి ఒక మెట్టు తగ్గిస్తే మిగిలేది "ఓపిక ఉంటే ఆడొచ్చు" కదా.

ఆడుతున్నంతసేపూ ఆ గదిలోకి రావద్దన్నాడు. వంటింట్లో స్టూలేసుకుని చెవులు రిక్కించి కూర్చున్నాను. బావ గొంతు వినపడింది, అచ్చం కళ్ళ పరీక్ష గొంతే. "ఇది తుపాకీ దళం. వీళ్ళు స్ట్రెచర్ మోసేవాళ్ళు. గాయపడ్డవాణ్ణి ఎవరు ముందు మోసుకెళ్తే, వాడు కోలుకుని వాళ్ళ తరఫున నిలబడతాడు." తర్వాత పాచికల చప్పుడు తప్ప ఉలుకూ పలుకూ లేదు. ఏం తోచక పప్పుల డబ్బాల మీద రాసున్నవన్నీ చదివేశాను.

లోపల ఏం జరిగిందో తర్వాత వీడియోలో చూశాను. అక్క పెద్దగా కాల్చనే లేదు. స్ట్రెచర్ వాళ్ళని ముందుకు తోసి, గాయపడ్డ బావ సైనికుల్ని ఒక్కొక్కణ్ణే వంతెన ఇవతలకి మోసుకొచ్చేసింది. చివరికి బావ కెప్టెను ఒంటరిగా మిగిలాడు, ఎదురుగా తుపాకులు పట్టుకుని తన మనుషులే.

"మీవాళ్ళకి మా ఇంటి తిండి నచ్చినట్టుంది," అంది అక్క.

బావ తన కెప్టెన్ని బల్ల మీంచి తీసేసుకున్నాడు. తర్వాత "మళ్ళీ పెట్టు," అన్నాడు.

ఆ మాట నాకు వంటింట్లోకి వినపడింది. ఏం మళ్ళీ పెట్టాలో, ఎందుకో అర్థం కాలేదు. ఇక ఉండబట్టలేక లోపలికి వెళ్ళేసరికి రెండో యుద్ధం సగంలో ఉంది. కెమెరా బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఇద్దరికీ ఆ సంగతే తెలీదు.

"బావా, తీర్పు?" అన్నాను.

బావ తలెత్తి కెమెరా వైపు చూశాడు. "మర్చిపోయాను," అన్నాడు, దొంగతనం చేస్తూ దొరికినట్టు. ఇన్నేళ్ళలో ఏ ఆటా ఆయన్ని తీర్పు మర్చిపోయేలా చేయలేదు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా.

ఆయన మాత్రం ఛార్జరు కోసం లేచాడు. "తీర్పు లేకుండా వీడియో ఏమిటి? పద్ధతి కాదు. చివర మళ్ళీ తీస్తాను."

నేను చెయ్యి పట్టుకుని వేలాడాను. మళ్ళీ తీస్తే ఏమంటాడో ఎవరికి తెలుసు?

"ఇప్పుడు తీస్తే మర్చిపోలేదని అబద్ధం చెప్పినట్టే కదండీ," అంది అక్క.

బావ ఛార్జరు పట్టుకుని అలాగే నిలబడి ఆలోచించాడు. వీడియో అలాగే పెట్టి, కింద ఒక ముక్క రాశాడు: "తీర్పు చెప్పడం మర్చిపోయాను. క్షమించాలి."

దాని కింద మొట్టమొదటి వ్యాఖ్య, "ఈయన మర్చిపోయాడా? అయితే నాకొకటి." తర్వాత వచ్చినవన్నీ ఇంచుమించు అదే మాట. విడుదల రోజు సాయంత్రానికి కావలసిన డబ్బంతా వచ్చేసి మేనేజరు బెడద వదిలిపోయింది.

రంగులు సరిచూసుకోవడానికి నమూనా పంపమంది ఫ్యాక్టరీ. పెట్టె తెచ్చుకుందామని బావ ఇంటికి వెళ్ళాను. డైనింగ్ టేబుల్ నిండా సైన్యం పరుచుకుని ఉంది. అక్కా బావా వంటింటి గట్టు దగ్గర నిలబడి కంచాలు చేత్తో పట్టుకుని తింటున్నారు.

"పెట్టె ఇవ్వు బావా, ఫ్యాక్టరీవాళ్ళు అడుగుతున్నారు."

బావ ముద్ద మింగి, "వాళ్ళనాగమను," అన్నాడు. "నావాళ్ళింకా నలుగురు మీ అక్క దగ్గరే ఉన్నారు."