చీపురు పుల్ల కొలవని అమ్మ పాదం

మా చిన్నప్పుడు అమ్మ పాదం ఎంతుంటుందో మా ఇంట్లో చీపురు పుల్లకే తెలుసు...

నిజంగానే. అమ్మకు బజారుకు వెళ్లే తీరిక ఉండేది కాదు. అందుకని నాన్న చీపురులోంచి ఒక పుల్ల లాగి, అమ్మ మడమ నుంచి వేలి కొస దాకా పెట్టి, పుటుక్కున విరిచేవారు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని కోఠి వెళ్లి చెప్పులు తెచ్చేవారు. ఒక్కసారి కూడా పొడుగు తప్పలేదని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవారు.

అప్పుడు మేం చిక్కడపల్లిలో, లైబ్రరీ దగ్గరి సందులో ఉండేవాళ్లం. 2011 అనుకుంటా, నేను ఐదో తరగతి. నారాయణగూడలో ఒక చిన్న బడిలో అమ్మకు టీచర్ ఉద్యోగం వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటి ఉద్యోగం... ఎంత మురిసిపోయిందో. అక్కడ టీచర్లంతా నల్ల షూ వేసుకోవాలి. నాన్న అవి కూడా పుల్ల కొలతతోనే తెచ్చారు.

కొన్ని నెలలు తిరిగేసరికి అమ్మ కుంటడం మొదలుపెట్టింది. బొటనవేలి మొదట్లో, పాదం పక్కన, ఎర్రగా ఒక బుడిపె... వేలేమో పక్క వేలి మీదకు వాలిపోయింది. నాకు ఆ బుడిపె అంటే మహా వింత. అమ్మ కునుకు తీస్తుంటే మెల్లగా ముట్టుకుని చూసేదాన్ని. లోపల ఏముంది? గోళీయా? నీళ్లా? ఒకసారి స్కేలు పెట్టి కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

పక్కింటి ఆంటీ మెట్టెలు బిగుతయ్యాయంది. అమ్మ ఆముదం రాసి, జిల్లేడాకు వెచ్చచేసి కట్టింది. తగ్గలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే మాత్రం వినేది కాదు.

"ఎముక పెరిగిందంటే కోసుడే అంటరు. నేను రాను."

చివరికి ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని, ఉద్యోగం మానేస్తున్నట్టు తెల్లకాగితం మీద రాసి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే నాన్న బతిమాలి అశోక్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. దాన్ని బునియన్ అంటారని ఆమె చెప్పింది. లోపల గోళీ ఉందా అని నేను అడిగేశాను. ఆమె నవ్వలేదు. కొత్తగా ఏదీ మొలవలేదని, ఉన్న ఎముకే పక్కకు జరిగి కీలు బయటికి పొడుచుకొచ్చిందని బొమ్మ గీసి చూపించింది. కొందరికి అలాంటి పాదం వంశంలోనే వస్తుందట, ఇరుకు చెప్పులు దాన్ని ఇంకా ముదరబెడతాయట. జరిగిన ఎముక తనంతట తాను వెనక్కి రాదు. కానీ ముందు భాగం వెడల్పుగా ఉన్న చెప్పులు, వేళ్ల మధ్య మెత్తటి ప్యాడ్, మంట పుట్టినప్పుడు ఐసు... వీటితో చాలామందికి నొప్పి తగ్గుతుందని, తగ్గకపోతేనే ఆపరేషన్ సంగతి చూద్దామని అంది. వెంటనే కోయరని తెలిశాక అమ్మ ముఖం తేటపడింది.

వచ్చేముందు ఆమె ఒక పని చెప్పింది. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీసి, దానిమీద షూ పెట్టి చూడమంది.

ఇంటికి రాగానే బల్ల మీద కనబడిన కాగితం లాక్కుని, అమ్మను నిలబెట్టి, నేనే గీశాను. షూ పెట్టి చూస్తే పొడుగు సరిగ్గా సరిపోయింది. కానీ రెండు పక్కలా నా గీత షూ బయటే ఉంది... నాన్న షూని అటు జరిపారు, ఇటు జరిపారు. ఎటు జరిపినా అంతే. ఇన్నేళ్లలో వెడల్పు కూడా కొలవాలని మాలో ఎవ్వరికీ తోచలేదు. నాన్న చాలాసేపు నేలమీదే కూర్చుండిపోయారు.

అమ్మ ఆ కాగితం తీసి వెనక్కి తిప్పింది. వెనకవైపు తను రాసిన ఉత్తరం.

"సోమవారం బడిల ఇయ్యాల్సిన కాగితం గద ఇది" అంది.

నాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు... పుల్ల పెట్టుకునే జేబులోనే.

"ఇది బడికి పోదు, కోఠికి పోతది. రేపు నువ్వు గూడ రా. జర నడిచి చూసుకొని తీసుకో."

అమ్మ ఇప్పటికీ పాఠాలు చెబుతోంది. బుడిపె అలాగే ఉంది, నొప్పి మాత్రం ఎప్పుడో గానీ రాదు.

ఇప్పుడు ఫోన్లో సైజు నంబరు నొక్కితే చెప్పులు గుమ్మంలోకి వస్తున్నాయి. మన పాదం కొలవడానికి ఎవరూ నేలమీద కూర్చోవడం లేదు... మీ ఇళ్లల్లో ఎవరు కొలిచేవారు, దేనితో? రాయండి, చదవాలనుంది.

మొన్న చూసుకుంటే నా బొటనవేలు కూడా కాస్త పక్కకు వాలింది. నాన్నకు చూపించాను. ఆయన లోపలికి వెళ్లి తెల్లకాగితం తెచ్చి, మోకాళ్ల నొప్పులతోనే మెల్లగా వంగి, నా కాళ్ల ముందు పరిచారు.