నా పాదం మీద పాదం

దయ్యం, గాలి అన్నవాళ్ళందరినీ వేళాకోళం చేసినదాన్ని నేను. తిరుపతిలో మా టైలరింగ్ షాపులో హుక్కులు కుట్టే ఆడవాళ్ళు ఇలాంటి కథలు చెప్పుకుని జడుసుకుంటుంటే, పనిలేక వస్తాయి ఇవన్నీ అనేదాన్ని. ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

పెళ్ళైన నాటి నుంచీ కుట్టుమిషనే నా బతుకు. నలభై దాటాక చత్వారం వచ్చింది. సూదిలో దారం ఎక్కదు, కుట్టు వంకర పోతుంది. దూరం మాత్రం చక్కగా కనిపిస్తుంది. అప్పటికే మా ఆయన పోయారు, కూతురు ఇంటర్లో ఉంది. శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు ఆడపిల్లల్ని తీసుకెళ్ళే వ్యాన్లకు ఆడ డ్రైవర్లు కావాలని ఒక కాంట్రాక్టరు అడుగుతున్నాడని తెలిసింది. ఈ వయసులో డ్రైవింగా అని మా అన్నదమ్ములు నవ్వారు. నాకు పంతం వచ్చింది. పొద్దున సగంపూట షాపులో పని, తర్వాత కారు నేర్చుకోవడం. ఆ ఉద్యోగం రాకపోతే మా ఇద్దరి గతి ఏమిటో నాకు తోచేది కాదు.

నేర్పించే మునిరత్నం నాకంటే చిన్నవాడు. అతని కారులో ఎడమవైపు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. మనం తడబడితే అతను తొక్కుతాడు. లోపల స్వామి పటం ఉంది కాబట్టి చెప్పులు విప్పి ఎక్కాలి. మా వైపు చాలామంది అలాగే నడుపుతారు. వట్టి పాదానికి పెడల్ మీది గీతలు కూడా తెలుస్తాయి.

కొత్తల్లో నాతో ఒక తంటా ఉండేది. కారు ఆగినా నా కాలు మిషను తొక్కినట్టు ఆడేది. మునిరత్నం ఏడిపించేవాడు.

"యక్కా, ఈడ రవిక కుట్టేది లేదు. కాలు కుదురుగా పెట్టు."

ఒక మధ్యాహ్నం కార్వేటినగరం రోడ్డులో వెళ్తున్నాం. రెండు పక్కలా మామిడితోపులు, రోడ్డు మీద నరపురుగు లేదు. మలుపు వస్తోందని బ్రేకు మీద కాలు ఆనించాను. అప్పుడు నా పాదం మీద ఇంకో పాదం పడింది.

చల్లగా ఉంది. ఎండాకాలం, కారులో ఏసీ కూడా లేదు. ఆ పాదం నా పాదాన్ని కిందికంటా అదిమింది. కారు కుదుపుతో ఆగిపోయింది.

"ఏంది మునిరత్నం, అట్ల తొక్కినావు?" అని అరిచాను.

"నేను యాడ తొక్కినానక్కా? సూడు."

చూశాను. రోడ్డు ఖాళీగా ఉందని రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని కూర్చున్నాడు.

"మిషను కాలు నీది. అదే తొక్కేసినట్టుండాది" అన్నాడు.

నాకూ అదే నమ్మాలనిపించింది. కానీ అతను తన బ్రేకు తొక్కితే నా పెడల్ కాలి కిందనుంచి జారిపోతుంది, పైనుంచి బరువు పడదు. ఇది పైనుంచి పడింది. కాలు ఎత్తి చూసుకుంటే వేళ్ళకు కాస్త వెనక, చర్మం మీద ఎర్రగా వంపు తిరిగిన గీత పడి ఉంది. మెట్టె నొక్కినట్టు. మా ఆయన పోయినప్పుడే నా మెట్టెలు తీసేశారు.

మునిరత్నం ఆ గీత చూశాడు. ఇక నన్ను ఏడిపించలేదు. మర్నాడు కారుకు గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. ఈ బండిలో ఎవరైనా పోయారా అని అడిగాను. షోరూంలో కొత్తదే కొన్నానని, దేనికీ తగిలింది లేదని పిల్లల మీద ఒట్టు పెట్టాడు. అబద్ధమాడే మనిషి కాదు.

భయం పోలేదు గానీ నేర్చుకోవడం మానలేదు. లైసెన్సు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇంటికొచ్చి కూతుర్ని పట్టుకుని ఏడ్చాను. మళ్ళీ ఏమీ జరగలేదు. మిషను కాలే అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కాంట్రాక్టరు వ్యాను వేరు. అందులో రెండో పెడల్ లేదు, పక్క సీటు ఖాళీగా ఉంటుంది. ఒక ఉదయం శ్రీకాళహస్తి దాటాక రైల్వే గేటు పడింది. వ్యాను నిండా ఆడపిల్లలు. వరసలో అన్నిటికంటే ముందు మాదే బండి. గేటు లేవగానే కదలొచ్చని ఫస్ట్ గేర్లోనే పెట్టి, క్లచ్ తొక్కి ఉంచాను. కుడికాలు బ్రేకు మీద ఉంది. రైలు కూత వినిపించింది.

అదే చల్లదనం. పాదం మీద పాదం. ఈసారి అది అదమలేదు. నా కాలిని బ్రేకు మీదినుంచి పక్కకు నెట్టి, యాక్సిలరేటర్ మీద పెట్టి తొక్కింది.

ఇంజిన్ గుక్కపట్టి అరిచింది. ఎడమకాలు వణుకుతోంది. అది క్లచ్ మీదినుంచి జారితే గేటు విరుచుకుని పట్టాల మీదికి పోతాం. కాలు లాక్కుందామంటే రాలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, తాళంచెవి తిప్పేశాను. ఇంజిన్ ఆగింది. రైలు మా ముందునుంచే పోయింది.

"ఏమైందక్కా?" అన్నారు వెనకనుంచి.

"ఏం లేదమ్మా" అన్నాను. కాలి మీద అదే గీత ఉంది.

డాక్టరుకు చూపిస్తే నరాల బలహీనత కావచ్చన్నాడు, పరీక్షల్లో ఏమీ తేలలేదు. మొదటిసారి ఆ పాదం నన్ను ఆపింది. రెండోసారి చంపబోయింది. రెండూ ఒకరివేనా, ఎవరివి, నా మీద ఎందుకు, నాకు తెలియదు. ఈ సంగతి చెబితే కాంట్రాక్టరు మర్నాడే తీసేస్తాడు. చెప్పకుండా ఆ పిల్లల్ని ఎక్కించుకుంటున్నానని గుండె పీకుతుంది. ఈ ఏడు గడిస్తే కూతురి చదువు ఒక ఒడ్డుకు చేరుతుంది, ఆ తర్వాత మానేస్తానని అనుకుంటాను. ప్రతి ఉదయం మళ్ళీ ఎక్కుతాను.

గేటు పడినప్పుడల్లా ఇప్పుడు ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి పిడికిట్లో పట్టుకుంటున్నాను. ఏసీ ఆగిపోయి పిల్లలు విసుక్కుంటారు.

"ఎందుకక్కా ఆపేస్తావు, ఉడుకుతా ఉండాది" అంటారు.

డీజిల్ మిగులుతుందని చెబుతాను.