కంపూటరు లెక్కలో ఒక్కడే

నా బతుకులో నన్ను నేను తిట్టుకున్నన్ని తిట్లు ఇంకెవురినీ తిట్టలేదు. అందుకు తగిన పనే చేసినాను.

ఎనభైలు సగం గడిచినాకటి మాట ఇది. ఆదోని బయట సర్కారు నూలు మిల్లులో గుమాస్తాను. మిల్లుకు ఏటేటా నష్టమే. దాన్ని బాగు చేసేదానికి పైవాళ్లు కనిపెట్టిన మందు కంపూటరు. అది మా ఊర్లో లేదు, హైదరాబాదులో ఉంది. పనోళ్లందరి వివరాలూ ఫారాల్లో నింపి పంపితే అది జాబితా అచ్చు కొడుతుందంట, దొంగ పేర్లన్నీ బయటపడతాయంట. నింపే పని నాకిచ్చినారు. పర్మినెంటయ్యి మూడు నెలలే, ఎంత పొంగిపోయినానో చెప్పలేను. ఆ మందు పనిచేయలేదులెండి, కొన్నేండ్లకు మిల్లు మూతపడింది.

ఫారంలో పేరుకు వరసగా చిన్న గడులు, గడికొక ఇంగ్లీషు అక్షరం. మా పక్క మొక్కు ఉంటే ఇలవేల్పు పేరే అన్నకూ పెడతారు, తమ్మునికీ పెడతారు. పిలిచేదానికి ముందర పెద్ద, చిన్న అని తగిలిస్తారు, అంతే. నందవరం పక్క పల్లె నుంచి వచ్చే అన్నదమ్ములిద్దరు అట్లాంటోళ్లే. అన్న దూది ఏకే మిషన్ల కాడ, తమ్ముడు నూలు చుట్టే కాడ. ఇద్దర్నీ ఒకేనాడు బళ్లో వేస్తే అయ్యవారు ఇద్దరికీ ఒకే పుట్టిన తేదీ రాసి పారేసినాడు. నేను ఇంటిపేరు, తండ్రి పేరు, దేవుని పేరు రాసేసరికి గడులు అయిపోయినాయి. పెద్ద, చిన్న పట్టలేదు. దీనికేముందిలే అని రెండూ వదిలేసినాను.

రెండు నెలలకు జాబితా వచ్చింది. ఇద్దరుండాల్సిన చోట ఒక్కడే ఉండాడు. ఒకే మనిషిని రెండుసార్లు చూపించినారు, ఒక పేరు తీసేయడమైనది అని కింద అచ్చు.

మేనేజరు ఇద్దర్నీ పిలిపించినాడు. మేజా ముందర పక్కపక్కనే నిలబడినారు. అన్నకు తల నెరిసింది, తమ్మునికి ఇంకా నల్ల మీసం. మేనేజరు వాళ్లను చూసినాడు, కాగితం చూసినాడు.

"ఇద్దరూ కనపడతానే ఉండారప్పా. కానీ పైనోళ్లు ఒక్కడే అన్నాక ఇద్దరికి పనిస్తే దొంగ పేరు నేను పెట్టినట్లయితాది. ఎవురో ఒకరు ఉండండి."

నా దిక్కు తిరిగినాడు. "ఫారం తప్పు నింపినావేమో చూడు. తప్పుంటే పైకి రాస్తా, సరిచేస్తారు. నీ ఉద్యోగం మాత్రం నిలవదు."

నకలు నా బీరువాలోనే ఉంది. పోయినాను, బీరువా తెరిచినాను, మూసినాను, వచ్చినాను. "సరిగానే ఉండాయి సార్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని ఈనాటికీ నమ్మలేను. దొంగోన్ని నేను, పేర్లు కాదు.

అన్న ముందుకొచ్చినాడు. "వానికి ఇద్దరు పిల్లలుండారు సార్. వాన్ని ఉండనీ. నేను గోనెగండ్ల పక్క కూలికి పోతా."

తమ్ముడు "వద్దన్నా, వద్దు" అని అన్న చెయ్యి పట్టుకుని ఏడ్చినాడు. మేనేజరు అన్ననొక కాగితం కూడా రాసిమ్మన్నాడు: నేను వేరే మనిషిని కాను, నా పేరు పొరపాటున రెండోసారి చేరింది అని. నాలుగునాళ్లకే బడి మానిన అన్నకు సంతకం తప్ప రాయడం రాదు. నేనే రాసిచ్చినాను. రెండు కాగితాలు తప్పు రాసి చించేసినాను, మూడోది కుదిరింది.

అన్న సంతకం పెట్టి, చించిన కాగితాలు చూసి, నా భుజం తట్టినాడు.

"మిషన్ చేసిన తప్పుకు నువ్వేం జేస్తావులేప్పా" అన్నాడు.

"అవునన్నా" అన్నాను.