అన్న గుర్తు ఉన్న వాచీ

వాచీ వెనక మూత తెరిచి లోపల సూదితో గీసిన గుర్తు చూడగానే నాకు ఒళ్ళు మండింది. అది మా అన్న గుర్తు. రిపేరు చేసినవాడు మూత లోపలి వైపు సన్నగా తన గుర్తు, తేదీ గీసుకోవడం మా పనిలో ఉన్నదే. మా నాయన ఇద్దరికీ నేర్పాడు.

నాయన పోయాక, తమిళనాడులోని మా ఊరు కోయిల్‌పట్టిలో బస్టాండు పక్కనున్న ఆయన వాచీల అంగడిలో నేనే కూర్చుంటానన్నాను. ఆడది వీధిలోకి తిరిగి కూర్చుని వాచీలు విప్పితే చుట్టాల్లో తలెత్తుకోలేనన్నాడు అన్న. అంగడి మూసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకరోజు నేను ఊళ్ళో లేనప్పుడు వచ్చి నాయన వాడిన మంచి పనిముట్లన్నీ ఏరుకుని, విరుదునగర్ వెళ్ళి వేరే అంగడి పెట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.

ఆ వాచీ తెచ్చినవారు ఎట్టయాపురంలో పనిచేసి రిటైరైన స్కూలు మాస్టారు. కీ ఇచ్చుకునే పాత వాచీ. విరుదునగర్‌లో సర్వీసు చేయించి నెలన్నా కాలేదని, రోజుకు పావుగంట ముందుకు పరుగెత్తుతోందని తమిళంలో చెప్పారు. కంటికి లెన్సు పెట్టి చూశాను. బ్యాలెన్స్ చక్రం మీద ఉండే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. స్ప్రింగు మీద నూనె పడితే అలాగే అంటుకుంటాయి. ఇంకేమీ ఆలోచించలేదు. ఈ పని చేసినవాడికి నూనె ఎక్కడ పెట్టాలో కూడా తెలియదని మాస్టారితో చెప్పాను. చెబుతుంటే చాలా హాయిగా అనిపించింది.

మొత్తం విప్పి పెట్రోలుతో కడిగాను. చక్రాల ఇరుసులు తిరిగే రాళ్ళకు కొత్త నూనె చుక్కలు పెట్టి బిగించాను. వాచీ ఇంకా ముందుకే పోయింది. వేగం తగ్గించే ముల్లును చివరిదాకా జరిపినా మర్నాటికి పది నిమిషాలు ఎక్కువ చూపించింది. మళ్ళీ విప్పాను, మళ్ళీ కడిగాను. వారం గడిచింది. స్ప్రింగును అన్నే వంచేసి ఉంటాడని తీర్మానించుకుని, మాస్టారికి ఆ మాటా చెప్పాను. ఆయన కల్లాకపటం లేని మనిషి. విరుదునగర్‌కు ఏదో పని మీద వెళ్ళినప్పుడు అన్న అంగడికి వెళ్ళి, నేను చెప్పిందంతా చెప్పేశారు.

ఆ మధ్యాహ్నమే అన్న ఫోన్ చేశాడు.

"ఆ వాచీ తీసుకోని రా," అన్నాడు. "నాకు నూనె పెట్టేది తెలీదని చెప్తుండావంట గదా. వచ్చి నా ముందర చెప్పు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. సాత్తూరు దాటేదాకా ఏమేం అనాలో మనసులో వరస పెట్టుకుంటూనే ఉన్నాను.

అన్న అంగడిలో ఇద్దరు గిరాకీలు కూర్చుని ఉన్నారు. నాకు కూర్చోమని చెప్పలేదు. వాచీ అందుకుని సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి బల్ల మీద పెట్టాడు. వాచీని దాని దగ్గరికి జరిపాడు. దిక్సూచి ముల్లు గిర్రున తిరిగింది.

"చూస్తివా? కాంతం పట్టుండాది," అన్నాడు. "దానికే చుట్లు అంటుకోనుండాయి. ఇది కూడా తెలీకుండా నాయన అంగడిలో కూర్చోనుండావా?"

అయస్కాంతం సంగతి నాకు తెలియక కాదు. అన్న తప్పు కనపడితే చాలనుకున్నాను, అందుకే ఇంకో కారణం వెతకలేదు. అతను వాచీని అయస్కాంతం వదిలించే నీలం పెట్టె మీద పెట్టి, మీట నొక్కి, మెల్లగా పైకెత్తాడు. తర్వాత టిక్కుటిక్కు విని లెక్క చూపే మెషీన్‌కు తగిలించి, నేను చివరిదాకా జరిపిన ముల్లును సరిచేశాడు. తెర మీద రోజుకు ఎనిమిది సెకన్లు ఎక్కువని పడింది. గిరాకీల వైపు తిరిగి, ఆడవాళ్ళ చేతులు పూలు కట్టడానికే బాగుంటాయని తమిళంలో అన్నాడు. వాళ్ళు నవ్వారు.

నేను గొంతు పెంచలేదు. తమిళంలోకి మారకుండా మా ఇంటి భాష తెలుగులోనే అడిగాను.

"కాంతం నేను చూడలేదు, అది నా తప్పే. బ్రిడ్జికి పెట్టిన ఈ స్క్రూ ఎవురిది? ఈ వాచీదేనా?"

అతను లెన్సు పెట్టుకోలేదు. చూడాల్సిన పనిలేదు, అతనికి తెలుసు. చక్రాలను పట్టి ఉంచే ఆ పట్టీకి వేరే వాచీ స్క్రూ తెచ్చి బలవంతంగా తిప్పి, మర గాడి చెడగొట్టాడని విప్పినప్పుడే చూశాను.

"నిలిచుండాది గదా," అన్నాడు.

"నాయన ఉండుంటే ఈ స్క్రూ చూసి నిన్ను బల్ల కాడనుంచి లేపుండేవాడు."

వాచీని నా వైపు తోశాడు. అది బల్ల అంచుదాకా జారితే పట్టుకున్నాను. ఇంకోసారి గడప తొక్కవద్దన్నాడు. తొక్కే అక్కర నాకు లేదన్నాను.

కోయిల్‌పట్టి వచ్చి చెడిన గాడిని సరిచేసి, దానికి కుదిరే స్క్రూ వెతికి వేశాను. మాస్టారిని పిలిపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను: వాచీకి అయస్కాంతం పట్టిందని, నేను గుర్తించలేదని, సరిచేసింది అన్నేనని. రాత్రుళ్ళు వాచీ ఎక్కడ పెడతారని అడిగితే, మూతకు అయస్కాంతం ఉన్న ఫోను కవరు మీదనని తేలింది. ఆయన చాలా నొచ్చుకున్నారు. తన వల్ల అన్నాచెల్లెళ్ళు తగువు పడ్డారా అని అడిగారు. మా తగువు మీ వాచీకన్నా పాతదే సార్ అన్నాను.

ఆ నెలలోనే తిరుత్తంగల్‌లో చుట్టాల పెళ్ళి. భోజనాల దగ్గర అన్న నా వెనక వరసలో కూర్చుని, దిక్సూచి కథ అందరికీ వినిపించేలా చెప్పాడు. స్క్రూ మాట ఎత్తలేదు. నేను అరిటాకు ముందు నుంచి లేవకుండానే, అంతకన్నా గట్టిగా స్క్రూ కథ చెప్పాను. దిక్సూచి మాట నేనూ ఎత్తలేదు. మా పెద్దమ్మ వచ్చి ఇద్దరినీ నోరు మూసుకుని తినమంది.

తిన్నాం. అన్న ముందు లేచాడు. చెయ్యి కడుక్కునే చోట ఎదురుపడితే పక్కకు జరగలేదు. నేనూ జరగలేదు. వెనక వచ్చినవాళ్ళు తోస్తే గానీ కదల్లేదు ఇద్దరమూ.