నిద్రలో మింగిన మాత్ర

2023 వానాకాలం. మాదాపూర్‌లో మా క్లినిక్ ముందు మోకాలి లోతు నీళ్లు, ఆ నీళ్లలో కదలని క్యాబులు. నేను హార్మోన్ల డాక్టర్ని. ఇక్కడ నా దగ్గరికి వచ్చేవాళ్లు తమ జబ్బుకు పేరు తామే పెట్టుకుని వస్తారు. బరువు పెరిగితే థైరాయిడ్ అంటారు, నిద్ర పట్టకపోతే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువైందంటారు, ఫోన్‌లో గ్రాఫులు చూపిస్తారు. ఎన్ని గంటలకు పడుకుంటారని అడిగితే మాత్రం "డిపెండ్స్ మేడం" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు లావణ్య వాళ్లమ్మ రమణమ్మతో కలిసి వచ్చింది. జమ్మలమడుగు వాళ్లు. లింగంపల్లిలో చిన్న ఫ్లాట్ కిరాయికి తీసుకుని తల్లీకూతుళ్లు ఉంటున్నారు. లావణ్యకు ఇరవై ఆరేళ్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో అమెరికా వేళల ఉద్యోగం. కొన్ని నెలలుగా అర్ధరాత్రి దాటితే చాలు, కళ్లు తిరగడం, వాంతులు, కీబోర్డు మీద వేళ్లు ఆడకపోవడం. ఒకసారి ఆఫీసు బాత్‌రూమ్‌లో పడిపోతే క్యాబ్‌లో ఆసుపత్రికి తీసుకుపోయి సెలైన్ ఎక్కించారు. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. కాల్స్‌లో నిద్రపోతోందని పైవాళ్లు మెయిల్ కూడా పెట్టారు.

లావణ్యకు జబ్బేమిటో అందరికీ తెలుసు, అదే నాకు చిరాకు తెప్పించిన సంగతి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను తయారుచేస్తాయి. కాలేజీలో ఉండగా ఆమె రోగనిరోధక శక్తే పొరపాటున ఆ గ్రంథుల మీద పడి వాటిని పాడుచేసింది. దీన్ని ఎడిసన్స్ డిసీజ్ అంటాం. అదే హార్మోన్‌ను హైడ్రోకార్టిసోన్ అనే మాత్రగా జీవితాంతం వేసుకోవాలి. మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నాకంటే ముందు ముగ్గురు చూశారు. మొదటాయన గ్యాస్ అన్నాడు. రెండో ఆయన కార్టిసాల్ పరీక్ష చేయించి, నార్మల్‌గానే ఉంది, అంతా టెన్షన్ అన్నాడు. ఆ రక్తం తీసింది పొద్దున మాత్ర మింగిన కాసేపటికే. ఆ పరీక్ష కొలిచింది అమ్మాయి ఒంట్లో తయారైన హార్మోన్‌ను కాదు, మింగిన మాత్రను. మూడో ఆయన డోసు రెట్టింపు చేశాడు. దాంతో ముఖం ఉబ్బింది, బీపీ పెరిగింది, అర్ధరాత్రి కళ్లు తిరగడం మాత్రం అలాగే ఉంది.

మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నావని లావణ్యను అడిగితే రమణమ్మ జవాబు చెప్పింది.

"ఎనిమిది, ఒకటి, ఐదు. మూడేండ్లల్లో ఒక్క పూట తప్పనీలేదు మేడం. నా చేత్తో నేనే మింగిస్తా."

అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేది తెల్లవారుజామున కదా, ఎనిమిదికి నిద్రలో ఉండదా అని అడిగాను.

"లేపుతా మేడం. కండ్లు తెరవకపోయినా నోరు తెరుస్తాది."

నేను పెన్ను కింద పెట్టేశాను. మధ్యాహ్నం ఒంటిగంటకూ అదే పని. నిద్రపోతున్న పిల్లను లేపి, నిద్ర రానివ్వని మందు వేసి, మళ్లీ పడుకోమనడం. రమణమ్మ పగలంతా కాపలా అధికారిలా డ్యూటీ చేస్తోంది. డిగ్రీలున్న ముగ్గురు డాక్టర్లలో ఒక్కరికీ ఈ పిల్ల ఎప్పుడు పడుకుంటుందో అడగాలని తోచలేదు.

కార్టిసాల్ ఒక కబురు లాంటిది. రక్తంలో ప్రయాణించి కణం లోపలికి వెళ్లి, తన కోసమే ఉన్న రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. రక్తంలో చక్కెర పడిపోకుండా చూడు, బీపీని నిలబెట్టు అని కణాలకు ఆదేశాలు అందేది అలాగే. ఆరోగ్యవంతుల్లో మెదడులోని గడియారం మెదడు కింది పిట్యూటరీ గ్రంథికి, అది ఎడ్రినల్ గ్రంథులకు వేళ చెబుతుంది. మనం లేచే వేళకు కార్టిసాల్ పెరుగుతుంది, పడుకునే వేళకు తగ్గుతుంది. మాత్ర వేసుకునేవాళ్లకు ఈ ఏర్పాటు ఏమీ ఉండదు. మింగితే వస్తుంది, కొన్ని గంటల్లో పోతుంది. లావణ్యకు నిద్రలో నిండుగా ఉండి, పనిలో కూర్చున్నాక ఖాళీ అయిపోతోంది. చదువుకునే రోజుల్లో పగటి జీవితానికి రాసిన వేళలు అవి. జీవితం తలకిందులైనా వేళలు మారలేదు.

ఇకనుంచి సాయంత్రం నిద్ర లేవగానే మొదటి మాత్ర, ఆఫీసులో రెండోది, అర్ధరాత్రి మూడోది అన్నాను. రమణమ్మ ససేమిరా అంది.

"పొద్దు పుట్టినాక గదా మేడం ఒళ్లు లేచేది?"

అందులో కొంత నిజం ఉండటం నాకు మరీ చిరాకు. మెదడులోని గడియారం వెలుగును బట్టే నడుస్తుంది, రాత్రి ఉద్యోగానికి పూర్తిగా అలవాటుపడదు. అందుకే పగటి షిఫ్టు అడగమని చెబుతున్నాను, దొరికేదాకా మాత్ర మెలకువను బట్టి పడాలి అన్నాను. ఆమె మళ్లీ మొదటికొచ్చింది. కాలేజీ రోజుల్లో చూసిన పెద్ద డాక్టరు ఎనిమిదని రాశాడట. నా తలప్రాణం తోకకొచ్చింది. మీ అమ్మాయి ఉద్యోగం, ఆరోగ్యం రెండూ మీ చేతులతోనే పాడవుతున్నాయని గట్టిగానే అనేశాను.

రమణమ్మ కోప్పడలేదు. ఒకటే అడిగింది.

"అర్ధరాత్రి మాత్ర ఆఫీసులో ఎవరిస్తారు మేడం?"

ఎవరో ఇవ్వడమేమిటి, లావణ్యే వేసుకుంటుంది అన్నాను. అప్పుడు చెప్పింది రమణమ్మ. కాలేజీ హాస్టల్లో ఉండగా లావణ్యకు జ్వరం వచ్చి, వాంతులై, రెండు రోజులు మాత్రలు పడలేదు. పరీక్షలకు చదివి అలసిపోయి పడుకుందని గదిలోవాళ్లు అనుకున్నారు.

"నేను పోయేసరికి నా బిడ్డ నన్నే గుర్తుపట్టలేదు. ఆ పొద్దు నుంచి మాత్రల సీసా ఇంకొకరి చేతికి ఇయ్యలేదు."

అంటే ఈవిడది మొండితనం కాదు, భయం. అది నాకు ముందే తట్టి ఉంటే అంత గొంతు చించుకునేదాన్ని కాదు. నిద్ర చెడుతోందని నువ్వయినా చెప్పవేం అని లావణ్యను అడిగాను.

"నాన్నను, ఇంటిని వదిలేసి నాకోసం వచ్చింది మేడం. నీ వల్లే నాకు నిద్ర లేదని ఎట్లా చెప్పేది?"

ఒకరినొకరు బాధపెట్టుకోకూడదని ఇద్దరూ కలిసి ఆ పిల్లను చావు అంచుదాకా తెచ్చారు. ఇలాంటి ప్రేమకు నా దగ్గర మందు లేదు.

డోసును మెల్లగా పాతదానికి తెచ్చాను. జ్వరం వస్తే ఎంత పెంచాలో, వాంతులైతే ఏ ఇంజెక్షన్ వెంటనే పడాలో రాసి, ఆ కార్డు పర్సులో పెట్టుకోమన్నాను. జబ్బు సంగతి టీమ్‌లీడ్‌కు చెప్పమంటే ప్రొబేషన్‌లోనే తీసేస్తారని లావణ్య ఏడ్చింది. ప్రాణం పోతే ఉద్యోగం ఏం చేసుకుంటావన్నాను. చివరికి వెళ్లి చెప్పింది. శని, ఆదివారాల్లో స్నేహితులతో తిరగడానికి పగలు మేలుకుంటానని ఆ తర్వాత తీరిగ్గా బయటపెట్టింది. ఎప్పుడు లేస్తే అప్పుడే మొదటి మాత్ర అని మళ్లీ మొదటినుంచి చెప్పుకొచ్చాను.

రెండు నెలలకు ముఖం వాపు తగ్గింది. నిద్ర పడుతోంది, ఉద్యోగం ఖాయమైంది, పగటి షిఫ్టు వచ్చే నెల నుంచి ఇస్తామన్నారు. రమణమ్మ కళ్ల కింద మాత్రం నల్లటి చారలు. ఇన్నాళ్లూ మాత్ర వేసుకున్నావా అని అర్ధరాత్రి లేచి ఫోన్ చేస్తూనే ఉందట. ఇక మీతో వేగడం నా వల్ల కాదమ్మా అనబోయాను, అంతలో ఆమే చెప్పుకొచ్చింది. మొన్న ఒళ్లు తెలియకుండా నిద్రపట్టేసింది, తెల్లారి ఉలిక్కిపడి లేచి తలుపు తీస్తే లావణ్య గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉంది. మాత్ర వేసుకున్నానమ్మా, ఫోన్ రాకపోయేసరికి నీకేమైందోనని భయపడ్డాను అందట.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ ఎప్పుడు పడుకుంటారని అడుగుతాను, "డిపెండ్స్" అంటే వదలను. ఇంట్లో మందు ఎవరి చేతి మీదుగా పడుతుందో కూడా అడుగుతాను. అది నాకు రమణమ్మ నేర్పింది.

మొన్నటి నిద్ర సంగతి చెప్పిన ఆ రోజు లేచి వెళ్లబోతూ ఆమె ఆగింది.

"అయితే నేనింగ ఊరికి పోవచ్చునా మేడం?"

కూతురు పక్కనే ఉన్నా నన్ను అడిగింది. మూడేళ్లుగా ఆమెను డ్యూటీ దిగమని ఎవరూ అనలేదు. వెళ్లిరండమ్మా అన్నాను. లావణ్య తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. రమణమ్మ మాత్రం రైలు ఎన్నింటికుందో చూడమని కూతురికి ఫోన్ అందించింది.