మృగశిర కార్తెలో సముద్రం

కారు కొని నెల తిరక్కముందే మా యన్న వదినను, నాయనను, నన్ను అందర్నీ సముద్రానికి తోలుకపోతానని బయల్దేరదీసినాడు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టించే షెడ్డు పెట్టినప్పట్నుంచి ఆయప్పకు మేమంతా పల్లెటూరి మొద్దులం. నాయన అయితే మరీనూ. "జన్మంతా ఆ ఎర్రమన్నే చూస్తివి గదా నాయనా, నాలుగు దినాలు నీళ్ళు చూద్దువు రా" అన్నాడు. అబ్బ, ఎంత జాలో!

"మృగశిర కార్తెప్పా ఇది. వాన పడితే ఎట్ల?" అన్నాడు నాయన.

కంబదూరు దగ్గర మాకుండేది బోరు లేని మెట్ట చేను. వాన పడి నేల పదునైతే రెండు మూడు దినాల్లో చెనిక్కాయ విత్తాల. ఆ తడి ఆరిపోతే మళ్ళా ఆకాశం దిక్కు నోరు తెరుచుకుని చూడాల్సిందే. ఆ చేను అమ్మేయమని అన్న రెండేండ్లుగా ఒకటే పోరు. ఈ ఏడు పంట తీసి చూపిస్తానని నాయన పంతం పట్టి కూర్చున్నాడు.

"పడితే ఆ నిమిషమే బండి తిప్పుతా, సరేనా?" అని మాటిచ్చినాడు అన్న. వాన పడితే ఫోన్ చెయ్యమని పక్క చేని మామకు నాయన పదిసార్లు చెప్పి కారెక్కినాడు.

బత్తలపల్లె దాటకముందే అన్న నాయన ఫోను తీసుకుని తన ముందరి అరలో పడేసినాడు. "వస్తే నేను మాట్లాడతాలే. నువ్వు ప్రశాంతంగా ఉండు" అన్నాడు.

మైపాడు, కొత్తపట్నం, సూర్యలంక. ఊర్లు మారినాయి గానీ వేషాలు మారలే. అన్న కారు దిగీ దిగకనే నల్లద్దాలు పెట్టి, తన షెడ్డులో కుట్టిన చిరుగుల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతులు చాపి నిలబడేవాడు, సముద్రాన్ని ఆయప్పే తవ్వించినట్టు. నేను వీడియో తియ్యాల. ఒక్క అల వచ్చి ఆ అద్దాలు కొట్టుకపోతే ఎంత బాగుండునో అనుకునేదాన్ని. పోలే. ఒళ్ళంతా జిగట, పండ్ల సందున ఇసుక, రూములో ముక్కిన పరుపుల వాసన. దీనికి సుఖమని పేరు!

నాయన అలల దిక్కే చూడలే. సాయంత్రమైతే సముద్రానికి వీపు పెట్టి పడమరకు తిరిగి కూర్చునేవాడు. "మన దిక్కు మెరుస్తాండాది పాపా" అనేవాడు నాతో. ఆమీద అన్నను, "ఫోన్ వచ్చిందేమప్పా?" అని అడిగేవాడు.

"రాలే నాయనా, వస్తే చెప్పనా?" అనేవాడు అన్న, రొయ్యల వేపుడు నములుతా.

సూర్యలంకలో పొద్దున చేతులు తుడుచుకునే కాగితాల కోసం నేను కారులో ఆ అర తెరిచినాను. నాయన ఫోను ఆపేసి ఉండాది. ఆన్ చేసిన కొంచేపటికే మామ ఫోన్ చేసినాడు. చెవిటి మనిషితో మాట్లాడినట్టు అరుస్తాడాయన, పక్కనున్నోళ్ళకంతా వినిపిస్తాది.

"యాడున్నారమ్మా మీరు? చేన్లో నీళ్ళు నిలిచినాయని మొన్ననే మీ యన్నకు చెప్తి గదా! వస్తాండామనె. ఊరంతా విత్తడం అయిపాయ, మీదొక్కటే మిగిలినాది. ఎండ చూస్తే పెళపెళ కాస్తాండాది."

నాయన నా పక్కనే నిలబడి అంతా విన్నాడు. కొబ్బరి బోండాలు కొట్టే ఆయన దగ్గరికి పోయి, "అన్నా, బస్టాండు యాడుండాది?" అన్నాడు.

"నీ కోసమే గదా నాయనా! నాలుగు దినాలు నవ్వుతా ఉంటావని..." అని నసిగినాడు అన్న. థూ! వదిన ముందరే నోటికొచ్చినట్టు తిట్టినాను. నాయనతోపాటు నేనూ బస్సెక్కినాను.

ఇంటికి కూడా పోకుండా చేనికే పోయినాడు నాయన. మడమతో నేల గీరి, పిడికెడు మన్ను తీసి పిసికినాడు. పొడిపొడిగా రాలిపాయ. లేచిన పైరుకు చాలే జల్లులే తప్ప, మళ్ళా విత్తనానికి సరిపడే వాన ఆ ఏడు పడనేలేదు.

శ్రావణంలో అన్న వచ్చినాడు, చేను కొనే మనిషిని వెంటబెట్టుకుని. రెండు పక్కలా చెనిక్కాయ పచ్చగా లేచి ఉండాది. నడుమ మాది బోడిగా ఉండాది. గట్టు మీద నిలబడి ఆ మహానుభావుడు అంటాడు గదా, "చూసినావా నాయనా, దీంట్లో ఏమీ పండదని నేను చెప్పలే?"

నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గింజ నేలలో పడితే గదప్పా పండేది! విత్తనాల మూటలు ఇంట్లోనే ఉండాయి. తీసుకపోయి ఆ సముద్రంలో చల్లుకోపో."