ముందు సీటులో లక్ష్మి

మా ఇంట్లో మూడు కార్లు మారాయి. మూడింటి పేరూ ఒకటే. పేరు చెప్పను గానీ, ధర్మవరంలో ఏ వీధిలో నిలబడినా కాసేపట్లో ఒకటి కనబడుతుంది. కొన్నేళ్లకొకసారి కంపెనీవాళ్లు దాని ముక్కు మార్చి, లైట్లు సాగదీసి, మళ్లీ అదే పేరు అతికించి వదులుతారు. నాయన మళ్లీ దాన్నే కొంటాడు. కొత్తది వచ్చినప్పుడల్లా వీధిలోవాళ్లు చుట్టూ తిరిగి మెచ్చుకునేది ముందు భాగాన్నే. వెనక సీటు సంగతి మా అమ్మకే తెలుసు.

నాయనది చీరల వ్యాపారం. మగ్గం దిగిన పట్టుచీరలు మూటగట్టి, పెనుకొండ మీదుగా హిందూపురం తీసుకుపోయి అంగళ్లకు వేసేవాడు. తిరిగొచ్చేటప్పుడు అక్కడి నుంచి పట్టునూలు తెచ్చేవాడు. అమ్మది అమరాపురం పక్క, కన్నడం ఇంటిభాష లాంటిదే. నూలు అమ్మేవాళ్లు కన్నడంవాళ్లు, వాళ్లతో దుడ్ల మాట ఆమె ఎత్తితేనే బేరం తెగేది. అందుకని ప్రతిసారీ అమ్మ వెళ్లాల్సిందే, వెనక కూర్చుని.

ముందు సీటు మూటది. బోణీ కాని పట్టు లక్ష్మి అని, దాన్ని డిక్కీలో స్టెప్నీ పక్కన పడేయకూడదని, మనుషుల వెనక కూర్చోబెట్టకూడదని నాయన పట్టుదల. తెల్లగుడ్డలో కట్టి, కుంకుమ బొట్టు పెట్టి, దారికి ఎదురుగా కూర్చోబెట్టేవాడు. వచ్చేటప్పుడు అదే సీట్లో నూలు. ఆ సీటు అమ్మకు పోతూ దొరకలేదు, వస్తూ దొరకలేదు. అమ్మకేమో కారు పడదు. పెనుకొండ చేరేలోపు వాంతి అయ్యేది. ముందు కూర్చుని దారి చూస్తూ పోతే, కొండ కనబడుతూ ఉంటే, కడుపు కుదురుగా ఉంటుందని ఆమె నమ్మకం.

"ఏమయ్యా, నీ లచ్చిమికి వాంతులు రావు కదా, ఆయమ్మను వెనక కూర్చోబెట్టు" అనేది.

"తప్పు, అట్లనకూడదు. పోయి ఎక్కు" అనేవాడు నాయన.

మొదటి కారు తెల్లది, అట్టపెట్టెలా ఉండేది. పాతదే కొన్నాడు. చలికాలం చోక్ లాగి బతిమాలితే తప్ప లేచేది కాదు. కిటికీ అద్దం దించడానికి తిప్పే పిడి ఉండేది. అమ్మ వైపు పిడి వదులైతే నాయన మగ్గం దారం చుట్టి బిగించాడు. అమ్మ అద్దం దించుకుని, చేతిలో నిమ్మకాయ వాసన చూసుకుంటూ పోయేది. బడి లేని రోజు నేనూ పక్కన కూర్చుని కవరు పట్టుకునేదాన్ని.

రెండోది వెండిరంగుది. ఏసీ వచ్చింది, అద్దాలకు బటన్లు వచ్చాయి. చల్లదనం పోతుందని నాయన తన తలుపు దగ్గరున్న మీట నొక్కి అద్దాలన్నీ బిగించేసేవాడు. అమ్మకున్న ఆ గాలి కూడా పోయింది. కారు ఎంత బాగుందో అని మేమందరం సంబరపడ్డాం, నేనైతే మరీ.

మూడోది వచ్చేనాటికి నేను పెనుకొండలో టీచర్‌గా చేస్తున్నాను. దీనికి తాళంచెవి తిప్పే పని లేదు, బటన్ నొక్కితే లేస్తుంది. వెనక్కి తీస్తే తెర మీద బొమ్మ వస్తుంది. సోకు కోసం కప్పును వెనక్కి జార్చారు, వెనక తలుపు అద్దాన్ని చిన్నది చేశారు. అమ్మ కూర్చుని పక్కకు చూస్తే రేకే. మొదటి రోజు మూట పెట్టి కదలగానే కారు టింగ్ టింగ్ అని మొత్తుకోవడం మొదలుపెట్టింది. కొత్త కారు అప్పుడే చెడిందని నాయన కంగారుపడి షోరూముకు తోలాడు. మూట బరువుకు సీట్లో మనిషి ఉందనుకుంటోంది, బెల్టు పెట్టమంటోంది అని అక్కడివాళ్లు చెప్పారు. నాయన మొహం వెలిగిపోయింది.

"చూసినావా! ఆడ లచ్చిమి కూర్చోనుండాదని బండికే తెలిసిపోయినాది."

మూట చుట్టూ బెల్టు తిప్పి, కుంకుమ చెరగకుండా మెల్లగా బిగించాడు. అమ్మ వెనక నుంచి చూసి, "నా మెడలో తాళి కట్టేటప్పుడు గూడా ఇంత నిదానంగా కట్టలా" అంది. ముగ్గురం నవ్వాం.

ఒకసారి నాయనకు జ్వరమొస్తే నేనే తోలాను. అమ్మ ముందు తలుపు తీసి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. "అమ్మా, మూట ఉండాది కదా" అన్నాను. నాకు ఆ లక్ష్మి మీద పెద్ద నమ్మకమేమీ లేదు. దాన్ని దించి వెనక పెట్టడానికి బద్ధకం, అంతే. అమ్మ తలుపు చప్పుడు కాకుండా వేసి వెనక్కి పోయింది.

ఆ తర్వాత వాంతులు ఎక్కువయ్యాయి. కారెక్కని రోజు కూడా అయ్యేవి. "నిన్న కారెక్కినాను కదా, అది ఇంకా దిగలా" అనేది అమ్మ. మేమూ అదే అనుకున్నాం. చిక్కిపోతుంటే కూడా, కారు పడని మనిషి, తిన్నది ఒంటికి పట్టడం లేదు అనుకున్నాం. చివరికి హిందూపురంలో డాక్టరుకు చూపించాం. ఆ రోజు కూర్చునే ఓపిక లేక వెనక సీట్లో పడుకునే వచ్చింది. ఎన్నాళ్ల నుంచి ఈ వాంతులు అని డాక్టరు అడిగితే, "ఆమెకు ముందు నుంచీ అంతే సార్, కారు పడదు" అన్నాడు నాయన. డాక్టరు రాయడం ఆపి మా ఇద్దరినీ చూశాడు.

కడుపులో గడ్డ. ముదిరిపోయింది. ఒక్కసారి ముందు కూర్చోబెట్టి ఉంటే, అక్కడా వాంతి అయి ఉంటే, తప్పు కారుది కాదని మాకు అప్పుడే తెలిసేది. నాయన మీద నాకు కోపం. తలుపు దగ్గర అన్న ఆ మాటకు నామీద నాకు అసహ్యం. రెండూ తగ్గలేదు.

రెండు నెలలకే అమ్మ పోయింది. అస్థికలు హిందూపురం దగ్గర పెన్నలో కలపాలని నాయన అన్నాడు. కుండకు తెల్లగుడ్డ చుట్టి తెచ్చి, ముందు సీట్లో పెట్టాడు. నేను వెనక, అమ్మ చోట్లో కూర్చున్నాను. నాయన బటన్ నొక్కాడు. కారు కొంచెం కదిపి, ఆపి, ఆ టింగ్ టింగ్ కోసం చూశాడు. మళ్లీ కొంచెం కదిపాడు.

మోగలేదు.

"బరువు చాలలేదేమోమ్మా" అన్నాడు నాతో. బెల్టు లాగి, కుండ చుట్టూ తిప్పి, మెల్లగా బిగించాడు.

పెనుకొండ దగ్గర పడుతుండగా నాకు కడుపులో తిప్పడం మొదలైంది. అద్దం దించమని అడగలేదు. నాయన వేగం తగ్గించి, "కొండొచ్చినాది, చూడు" అన్నాడు. నాతో కాదు. వెనక నుంచి నాకు ముందు సీటు వీపు తప్ప ఏమీ కనబడలేదు.